ముప్పై మూడో రోజు మంట

రోజులు లెక్కపెట్టుకుంటూ ఎదురుచూసే పండగ ఒకటుంది. ఈసారి దాని గురించి రాస్తాను.

యూదుల పస్కా పండగ రెండో రాత్రి నుంచి వాళ్ళ ఇళ్ళల్లో ఈ లెక్క మొదలవుతుంది. చీకటి పడ్డాక చిన్న ప్రార్థన చెప్పుకుని, ఇవాళ ఒకటో రోజు, ఇవాళ రెండో రోజు అని పైకి అంటారు. ఒక రోజు పూర్తిగా మర్చిపోతే ఆ తర్వాత లెక్క చెప్పుకోవచ్చు గానీ ముందు చదివే ప్రార్థన చదవకూడదట. అలా 49 రోజులు. యాభయ్యో రోజు షవువోత్ పండగ.

ఇది నిజానికి రైతుల లెక్క. యెరూషలేంలో దేవాలయం ఉన్న కాలంలో పస్కా మర్నాడు కొత్త యవల పంట నుంచి ఒక కొలత దేవుడికి ఇచ్చేవారు. ఆ కొలత పేరు ఓమెరు. ఏడు వారాలు గడిచాక కొత్త గోధుమలతో చేసిన రెండు రొట్టెలు ఇచ్చేవారు. యవల కోతకీ గోధుమ కోతకీ మధ్య రైతు మనసు ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు. గాలివానొచ్చినా, మిడతలొచ్చినా ఏడాది కష్టం పోయినట్టే. క్రీ.శ. 70లో రోమన్లు ఆ దేవాలయాన్ని కూలగొట్టారు. ఇచ్చే చోటు పోయింది కానీ లెక్క మాత్రం ఇళ్ళల్లో మిగిలిపోయింది.

ఈ లెక్కలో ముప్పై మూడో రోజు పేరు లాగ్ బఓమెర్. మన కటపయాదిలో అక్షరాలకి అంకెలున్నట్టే హీబ్రూలోనూ ఉన్నాయి. ‘లామెద్’ అంటే 30, ‘గిమెల్’ అంటే 3. రెండూ కలిపి చదివితే ‘లాగ్’. వాళ్ళ ఇయ్యార్ నెల 18వ తేదీ. పౌర్ణమి వెళ్ళిన మూడో నాలుగో రోజు, దాదాపు మన వైశాఖ బహుళంలో వస్తుంది. ఆ రాత్రి ఇజ్రాయెల్ అంతటా మంటలు వేస్తారు.

నేను ఈ పండగని దగ్గరగా చూసింది 2012లో. మా వారికి పరిశోధన పని మీద రెండేళ్ళు రెహోవోత్ అనే ఊళ్ళో ఉండాల్సి వచ్చింది. టెల్ అవీవ్‌కి దక్షిణంగా, ఒకప్పుడు నారింజ తోటలకి పేరున్న ఊరు. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. పస్కా సెలవులు అయిన దగ్గర్నుంచీ మా వీధి పిల్లలు సూపర్ మార్కెట్ ట్రాలీలు తోసుకుంటూ కర్రల వేట మొదలుపెట్టారు. విరిగిన కుర్చీలు, పాత తలుపులు, పళ్ళపెట్టెల చెక్కలు, ఏది కనిపిస్తే అది. పోగు వేసుకున్నది పక్క వీధివాళ్ళు ఎత్తుకుపోకుండా వంతులు వేసుకుని కాపలా! భోగి ముందు మా తెనాలి వైపు పిల్లలు చేసే పనీ అదే కదా. మావాడు నాలుగో రోజుకల్లా ఆ గుంపులో కలిసిపోయాడు, భాష రాకుండానే.

మా కింది వాటాలో ఒక ఆంటీ ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి. ముంబైలో పుట్టి పెరిగిన బెనె ఇజ్రాయెల్ యూదులు, ఇంట్లో మరాఠీ, నాతో హిందీ. మే 9, బుధవారం మధ్యాహ్నం నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే కిందనుంచి కేకేశారు. “బేటీ, బట్టలు తీసెయ్, కిటికీలు మూసెయ్. రేపటిదాకా తెరవకు” అని. ఎందుకో సాయంత్రం తెలిసింది. చీకటి పడగానే ఊళ్ళో ఏ ఖాళీ స్థలం చూసినా మంటే. ఒక్క మా సందు చివరి మైదానంలోనే పదకొండు లెక్కపెట్టాను. ఒక్కో మంట ఒక తరగతి పిల్లలది, లేదా నాలుగు కుటుంబాలది. మర్నాడు బడికి సెలవు కాబట్టి పిల్లల్ని అర్ధరాత్రి దాకా ఎవరూ లోపలికి పిలవలేదు.

మంట కాస్త తగ్గాక బంగాళాదుంపలకి రేకు చుట్టి నిప్పుల్లోకి తోశారు. గంట తర్వాత కర్రతో లాగి, మధ్యకి చీల్చి, ఉప్పు చల్లుకుని తినడం. చేతులు కాలుతుంటాయి, మూతి నిండా మసి. ఉల్లిపాయలు కూడా అలాగే కాల్చారు. నాకైతే చిన్నప్పుడు మా అమ్మమ్మ పొయ్యిలో కాల్చి పెట్టిన చిలగడదుంపలు గుర్తొచ్చాయి. పొగ సంగతి మాత్రం చెప్పద్దు. ఆ రాత్రి ఉబ్బసం ఉన్నవాళ్ళని బయటికి రావద్దని ప్రతి ఏటా చెబుతారట. ఎండలు, వడగాలులు ఎక్కువున్న ఏడాది మంటలు అంటుకుంటాయని నిషేధం కూడా పెడతారు.

మా మంట దగ్గరే ఒక చక్రాల కుర్చీలో పెద్దాయన్ని తీసుకుని ఒకావిడ వచ్చింది. ముఖం చూసి మనమ్మాయే అనుకున్నాను, నిజంగానే జగిత్యాల వైపు అమ్మాయి. ముసలివాళ్ళని చూసుకునే పనికి మన తెలుగువాళ్ళు ఆ దేశంలో చాలామందే ఉన్నారు. ఆ అమ్మాయి వచ్చి నాలుగేళ్ళయిందట, కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. నన్ను అక్కా అని పిలిచి పక్కన కూర్చుంది. ఆంటీ మా ఇద్దరికీ ఈ పండగ కథ చెప్పడం మొదలుపెట్టారు. నేను హిందీ నుంచి తెలుగులోకి మార్చి ఆ అమ్మాయికి చెబుతున్నాను.

కథ ఇది. రెండో శతాబ్దంలో అకీవా అనే గొప్ప గురువు ఉండేవాడు. ఆయనకి 12,000 జతల శిష్యులు, అంటే 24,000 మంది. వాళ్ళు ఒకరినొకరు గౌరవించుకోలేదని, అందుకే పస్కాకీ షవువోత్‌కీ మధ్య అందరూ రోగమొచ్చి చనిపోయారని తల్మూద్ చెబుతుంది. అందుకని ఈ రోజుల్లో పెళ్ళిళ్ళు చేసుకోరు, జుట్టు కత్తిరించుకోరు, మన మూఢంలాగా. 1096లో మొదటి క్రూసేడు మూకలు రైన్ నది ఒడ్డు పట్టణాల్లో యూదుల్ని ఊచకోత కోసింది కూడా సరిగ్గా ఈ వారాల్లోనే కావడంతో ఐరోపా యూదుల్లో ఈ మైల ఇంకా గట్టిపడింది. ముప్పై మూడో రోజు చావులు ఆగాయని సంప్రదాయం. అందుకే ఆ ఒక్కరోజు అన్నిటికీ సెలవు. పెళ్ళిమండపాలు కిటకిటలాడతాయి, మంగలి షాపుల ముందు వరసలు.

ఆ అకీవాకి అంతమంది శిష్యులు ఎలా వచ్చారో కూడా తల్మూదే చెబుతుంది. ఆయన మొదట గొర్రెలు కాచేవాడు. చదువు లేదు. యజమాని కూతురు ఆయన్ని ఇష్టపడి, చదువుకుంటానంటే పెళ్ళి చేసుకుంటానంది. ఆమె పేరు రాహేలు అని సంప్రదాయం. తండ్రి ఆమెని ఇంట్లోంచి గెంటేశాడు. చలికాలం గడ్డిలో పడుకునేవారట, పొద్దున్నే ఆయన ఆమె జుట్టులోంచి గడ్డిపరకలు ఏరేవాడట. అతని చదువు ఖర్చుకి ఆమె తన జడ అమ్ముకుందని ఇంకో కథ. పన్నెండేళ్ళ తర్వాత అకీవా ఇంటికి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపల ఎవరో ఆమెతో, మొగుడు బతికుండగానే ఈ విధవరాలి బతుకు ఎన్నాళ్ళమ్మా అంటున్నారు. ఆమె, నా మాట వింటే ఆయన ఇంకో పన్నెండేళ్ళు చదువుకుంటాడు అంది. ఆ మాట విని ఆయన లోపలికి కూడా అడుగుపెట్టకుండా అటునుంచి అటే వెళ్ళిపోయాడు!

మొత్తం 24 ఏళ్ళయ్యాక శిష్యులతో తిరిగొచ్చాడు. ఊరంతా ఎదురెళ్ళింది. చినిగిన బట్టలతో ఆమె దగ్గరికి వస్తుంటే శిష్యులు తోసేయబోయారు. ఆయన వాళ్ళని ఆపి, నాకున్నదీ మీకున్నదీ అంతా ఈమెదే అన్నాడట.

ఇది చెప్పి ఆంటీ కళ్ళు తుడుచుకున్నారు. జగిత్యాల అమ్మాయి మాత్రం మంటలోకి చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక, “ఇరవై నాలుగేండ్లు ఆమె ఏం తిన్నదక్కా? ఎవలు చూసిన్రు?” అంది. ఆ ప్రశ్న ఆంటీకి చెప్పాను. ఆంటీ డెబ్బై ఏళ్ళుగా ఈ కథ వింటున్నారట, ఎవరూ ఆ ప్రశ్న అడగలేదట. “నా బిడ్డ ఫోన్ల మాట్లాడనీకె సిగ్గుపడ్తది, కొత్తోళ్ళతోని మాట్లాడినట్టు” అని తనే మళ్ళీ అంది. మేమిద్దరం ఏం మాట్లాడగలం. నేను నిప్పుల్లోంచి ఇంకో దుంప తీసి ఒలిచి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. రాహేలు భర్తని పంపి ఇంట్లో ఉండిపోయింది. ఈ అమ్మాయి ఇంటిని నిలబెట్టడానికి తనే బయల్దేరి వచ్చింది. మా వారి పరిశోధన కోసం అత్తగారినీ, అమ్మనీ, చేస్తున్న టీచరుద్యోగాన్నీ వదిలి వచ్చిన నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచీ ఈ పండగ చరిత్ర దొరికినంత చదవడం మొదలుపెట్టాను.

చదివితే తెలిసింది, 24,000 మంది రోగంతో పోయారన్న మాట మీద చాలామందికి అనుమానం ఉందని. పదో శతాబ్దంలో షెరీరా గావోన్ అనే పండితుడు వాళ్ళది హింసాకాండలో వచ్చిన చావన్నట్టు రాశాడు. క్రీ.శ. 132లో బార్ కోఖ్బా నాయకత్వంలో యూదులు రోమ్ మీద తిరగబడ్డారు. హేడ్రియన్ చక్రవర్తి కాలం. అకీవా ఆ నాయకుణ్ణి నమ్మి వెనక నిలబడ్డాడు. మూడేళ్ళ పైచిలుకు యుద్ధం. రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో లెక్క ప్రకారం 50 కోటలు, 985 ఊళ్ళు నేలమట్టమయ్యాయి, 5,80,000 మంది పోరులో చనిపోయారు. లెక్క పెంచి రాశాడనుకున్నా, ఆ ప్రాంతం ఖాళీ అయిపోయిందన్నది నిజం. అకీవానీ రోమన్లు చంపేశారు. శిష్యులు ఆ యుద్ధంలో పోయినవాళ్ళే అయ్యుంటారని, రోమన్ల పాలనలో ఆ మాట పైకి అనలేక రోగం పేరు పెట్టుకున్నారని కొందరు చరిత్రకారుల ఊహ. లాగ్ బఓమెర్ నాడు పిల్లలు విల్లమ్ములతో ఆడుకోవడం ఆ తిరుగుబాటుకి గుర్తంటారు.

చనిపోయినవాళ్ళ తర్వాత అకీవా మళ్ళీ ఐదుగురు శిష్యుల్ని తయారుచేశాడు. అందులో ఒకడు షిమోన్ బార్ యోఖాయ్. మంటలన్నీ ముఖ్యంగా ఈయన పేరు మీదే. రోమన్లు కట్టిన సంతలు, స్నానశాలలు, వంతెనలు అన్నీ వాళ్ళ లాభానికేనని అన్నందుకు ఈయనకి మరణశిక్ష పడింది. కొడుకు ఎలాజార్‌ని తీసుకుని మొదట పాఠశాలలో దాక్కున్నాడు. భార్య రోజూ రొట్టె, కూజాతో నీళ్ళు తెచ్చిచ్చేది. గాలింపు ఎక్కువయ్యాక ఆయనకి భయం పట్టుకుంది. ఆడవాళ్ళు హింసకి తట్టుకోలేరు, చెప్పేస్తారేమో అని కొడుకుతో అని, ఆమెకి చెప్పకుండా ఒక గుహలోకి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక కారోబ్ చెట్టూ నీటి ఊటా దేవుడి దయవల్ల పుట్టాయట. బట్టలు అరిగిపోకుండా విప్పి దాచుకుని, మెడదాకా ఇసకలో కూర్చుని పన్నెండేళ్ళు చదువుకున్నారు. బయటికొచ్చి పొలం దున్నుతున్నవాళ్ళని చూసి, దైవధ్యానం వదిలి ఈ పనులేమిటని కోపగించారు. వాళ్ళ చూపు పడ్డదల్లా కాలిపోయింది. నా లోకాన్ని పాడుచెయ్యడానికొచ్చారా అన్నట్టు దేవుడు మందలించి మళ్ళీ ఏడాది లోపలికి పంపాడు. రెండోసారి వచ్చినప్పుడు, విశ్రాంతి దినం కోసం సువాసన కొమ్మలు పట్టుకుని ఇంటికి పరిగెడుతున్న ఒక ముసలాయన్ని చూసి వాళ్ళ మనసు కుదుటపడింది.

నాకు ఈ కథ చాలా ఇష్టం. చదువు ఎంత గొప్పదైనా దున్నేవాణ్ణి కాల్చే చూపు పనికిరాదని ఆ కథే చెబుతోంది. కానీ రోజూ రొట్టె తెచ్చిన ఆ తల్లి సంగతి? ఒకరోజు కూజా పట్టుకుని వెళ్ళేసరికి భర్తా లేడు, కొడుకూ లేడు. పదమూడేళ్ళు వాళ్ళు బతికున్నారో లేదో ఆమెకి తెలియదు. కథ ఆమె పేరు చెప్పదు, మళ్ళీ ఆమె వైపు తిరిగి చూడదు.

షిమోన్ సమాధి గలిలయలో మెరోన్ అనే కొండ ఊళ్ళో ఉంది. ఆయన చనిపోయిన రోజు ఇదేనని నమ్మకం. చావు రోజుని ఏడుపుగా కాకుండా ఆత్మ దేవుణ్ణి చేరిన పెళ్ళిరోజులా జరుపుతారు. 16వ శతాబ్దంలో పక్కనే ఉన్న సఫేద్‌లో ఇస్సాక్ లూరియా అనే యోగి తన చిన్నకొడుకుని అక్కడికి తీసుకెళ్ళి జుట్టు తీయించాడని ఆయన శిష్యుడు రాశాడు. ఇప్పుడూ మూడేళ్ళ మగపిల్లలకి అక్కడ మొదటిసారి జుట్టు కత్తిరిస్తారు, మనం తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించినట్టు. 2021లో ఏప్రిల్ 29 రాత్రి అక్కడ ఇనుప వాలుదారిలో జనం ఒకరి మీద ఒకరు పడి 45 మంది ఊపిరాడక చనిపోయారు, వాళ్ళలో చిన్నపిల్లలూ ఉన్నారు. హైదరాబాదులో టీవీలో చూస్తూ నేను చేస్తున్న పని ఆపేసి కూర్చుండిపోయాను.

షిమోన్‌ని ఇంత పెద్ద చేసిన పుస్తకం ‘జోహర్’. ఆ మాటకి వెలుగు అని అర్థం. అందుకే మంటలంటారు. భక్తులు ఆ పుస్తకం షిమోన్‌దే అంటారు. పండితులు మాత్రం 13వ శతాబ్దపు స్పెయిన్‌లో మోషే దె లియోన్ రాశాడంటారు. ఇక్కడా ఒక భార్య ఉంది! 1305లో ఆయన పోయాక, పాత మూలప్రతి ఇస్తే మీ అమ్మాయిని మా అబ్బాయికి చేసుకుంటామని ఒక ధనవంతుడు కబురు పెట్టాడు. డబ్బు లేని ఇల్లు, పెళ్ళీడు కూతురు. అయినా ఆ భార్య, అలాంటి ప్రతి ఏదీ లేదు, మా ఆయన తన బుర్రలోంచే రాసుకున్నాడు అని చెప్పేసిందట. అక్రే నగరపు ఇస్సాక్ ఈ సంగతి రాసిపెట్టాడు. అబద్ధం చెబితే కూతురి పెళ్ళయ్యేది. ఆవిడ చెప్పలేదు.

ట్యునీషియాలో జెర్బా దీవిలోనూ ఇదే రోజుకి యాత్ర జరుగుతుంది. అక్కడి గుడి పేరు ఘ్రీబా, అంటే పరాయి ఊరి ఆడమనిషి. ఎక్కడినుంచో వచ్చి ఒంటరిగా గుడిసెలో ఉన్న ఒకామె, గుడిసె తగలబడితే చనిపోయినా ఒళ్ళు మాత్రం కాలలేదని, అక్కడే గుడి కట్టారని ఐతిహ్యం. ఆడవాళ్ళు కోడిగుడ్ల మీద కోరికలు రాసి లోపలి గూట్లో పెట్టి వస్తారు. పెళ్ళి కావాలని, కడుపు పండాలని. వీళ్ళు బతికుండగా ఆమెని ఎవరూ పలకరించలేదు కాబోలు, ఇప్పుడు అందరూ ఆమెనే అడుగుతున్నారు.

చివరిగా నాకు అన్నిటికన్నా దగ్గరైన మనిషి గురించి చెబుతాను. బార్ కోఖ్బా తిరుగుబాటు చివర్లో జనం మృతసముద్రం పక్క కొండగుహల్లో దాక్కున్నారు. 1960, 61ల్లో యిగాయెల్ యాదిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం ఒక గుహ తవ్వితే బార్ కోఖ్బా రాయించిన ఉత్తరాలు దొరికాయి. వాటితోపాటు ఇంటి తాళంచెవులు, అద్దం, చెప్పులు, ఉన్నిదారం ఉండలు, మనుషుల ఎముకలు. తాళంచెవులు తెచ్చుకున్నారంటే, మళ్ళీ ఇంటికెళ్ళి తలుపు తీసుకుంటామనే కదా. ఆ గుహలోనే ఒక తోలుసంచీ దొరికింది. అందులో జాగ్రత్తగా చుట్టి కట్టిన 35 పత్రాలు. అవి బబతా అనే ఆవిడవి.

బబతాకి మొదటి భర్త పోయాడు. చంటివాడికి నగర సభ ఇద్దరు సంరక్షకుల్ని పెట్టింది. వాళ్ళు పిల్లవాడి సొమ్ములోంచి నెలకి రెండు దెనారాలు మాత్రమే ఇచ్చేవారు. చాలడం లేదని ఆమె క్రీ.శ. 125లో దావా వేసింది. సొమ్ము నా చేతికివ్వండి, నా ఆస్తి హామీ పెడతాను, మీకన్నా ఎక్కువ వడ్డీతో పిల్లవాణ్ణి పెంచుతాను అని. ఏడేళ్ళ తర్వాత, 132 నాటి రసీదు ఉంది. మూడు నెలలకి ఆరు దెనారాలు, అంటే నెలకి అదే రెండు. గెలవలేదన్నమాట. రెండో భర్తకి అప్పటికే ఇంకో భార్య ఉంది. అతను తన కూతురి పెళ్ళికి ముందు బబతా దగ్గర 300 దెనారాలు తీసుకున్నాడు. అతనూ పోయాక బాకీ కింద ఖర్జూర తోటలు పట్టుకుంది. దాంతో సవతితో వివాదం. ఇంత చేసిన బబతాకి చదవడం రాయడం రాదు. ఆమె తరఫున వేరేవాళ్ళు రాశామని ఆ పత్రాల్లోనే ఉంది. అయినా పెళ్ళి పత్రం, తోటల లెక్క, దావా కాగితం, రసీదు, ఏదీ పారెయ్యలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోతూ ఆ సంచీ వెంట తీసుకుంది. రాతిపగులులో దాచింది. తిరిగొచ్చి తీసుకోలేదు.

యెరూషలేం మ్యూజియంలో ఆ గుహ వస్తువుల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. రాహేలు గురించి మనకి తెలిసింది భర్త కథలో వచ్చినంతే. షిమోన్ భార్యకి పేరైనా లేదు. బబతా పేరు, ఆమె కొడుకు పేరు, ఆమె తోటల హద్దులు కూడా 1,900 ఏళ్ళ తర్వాత తెలుస్తున్నాయంటే కారణం ఆమె కాగితాలు దాచుకోవడమే.

మీరు ఎప్పుడైనా మీ బీరువా సర్దుకుంటే ఒక సంచీ విడిగా పెట్టుకోండి. పెళ్ళి సర్టిఫికెట్, చదువు సర్టిఫికెట్లు, ఇంటి కాగితాల నకలు, బ్యాంకు పుస్తకం, బంగారం బిల్లులు, ఎవరికైనా చేబదులిస్తే దాని చీటీ. ఏ కాగితం మీద మీ పేరుందో, దేని మీద లేదో ఒకసారి చూసుకోండి. సంచీ ఎక్కడుందో మీ అమ్మాయికి చెప్పండి. నేను నాది సర్దుకున్నాను. బీఏ మార్కుల జాబితా అన్నిటికన్నా పైన పెట్టాను.